పాత హారర్ సినిమాలకు మార్కులు వేసేటప్పుడు వయసు రాయితీ ఇవ్వాలా?

కిర్రుతలుపు
ఎక్కువమంది చూడని పాత హారర్ సినిమా ఒకటి చూద్దామనుకున్నప్పుడు దానికి ఎవరు ఎన్ని మార్కులు వేశారో ముందుగా వెతుకుతాను. ఎప్పుడు చూసినా అవే రకాలు. ఒకరు పదికి పది వేసి 'కళాఖండం' అని వెళ్లిపోతారు. మరొకరు రెండు వేసి 'నిద్ర వచ్చింది' అంటారు. కళ ఎక్కడుందో మొదటివారు చెప్పరు, నిద్ర ఏ చోట వచ్చిందో రెండోవారు చెప్పరు. వీళ్లిద్దరినైనా భరించగలను. నాకు ఒళ్లు మండేది మూడో రకంతో: 'ఆ కాలానికి బాగానే తీశారు, ఆరు.'

ఆ కాలానికి అంటే ఏమిటి? సినిమా చూస్తున్నది ఇప్పుడు, చూస్తున్నది నేను. కార్ల్ థియొడోర్ డ్రేయర్ 1932లో తీసిన 'వాంపిర్'లో ఒక ఘట్టం ఉంది. కథానాయకుడు తన శవాన్ని తానే చూస్తాడు. ఆ వెంటనే మనం శవపేటిక లోపలికి వెళ్లిపోతాం. మూతలో చిన్న గాజు కిటికీ. దాని మీద కొవ్వొత్తి పెడతారు, ఒక ముసలామె ముఖం వంగి లోపలికి తొంగిచూస్తుంది. పేటికను ఎత్తుకుని వెళ్తుంటే పైన ఆకాశం, కొమ్మలు, కట్టడాల అంచులు నెమ్మదిగా జరిగిపోతుంటాయి. నాకు ఊపిరాడలేదు. ఈ ఘట్టానికి వయసు రాయితీ ఎందుకు? ముసలివాడు కదా పాపం అని చేయి పట్టుకుని మెట్లు ఎక్కించాల్సిన సినిమానా అది?

మీరు రాయితీ ఇస్తున్నారా? ఇస్తే ఎందుకు?

రెండో_ఆట
నేను ఇవ్వను. నా లెక్క తేలిక. హారర్ అంటే భయం. భయపెడితే మార్కులు, లేకపోతే లేదు. నవ్వు రాని హాస్యచిత్రానికి ఛాయాగ్రహణం బాగుందని ఎనిమిది వేస్తామా?

గబ్బిలం
గబ్బిలాన్ని దారానికి కట్టి ఆడించిన ప్రతి సినిమాకూ నా వైపు నుంచి ఒక మార్కు అదనం. మావాళ్లకు వేషం ఇచ్చారు కదా, ఆ కృతజ్ఞత ఉండాలి.

మూకీరాణి
రెండో_ఆట గారూ, మీరు 'భయం' అనేసి ఊరుకున్నారు. అది ఏ భయం? కుర్చీలో ఎగిరిపడటమా, సినిమా అయ్యాక వంటగదిలో దీపం వేయడానికి వెనకాడటమా, వారం తర్వాత ఏదో పని చేసుకుంటుండగా ఒక ముఖం గుర్తొచ్చి చేయి ఆగిపోవడమా? ఎగిరిపడే భయానికి ఆయుష్షు తక్కువ. ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిపోయాక ఇక పని చేయదు. మూకీలలో ఆ మొదటి రకం దాదాపు లేదు. మూడోది మాత్రం పుష్కలంగా ఉంది. ముర్నౌ తీసిన మూకీ 'నోస్ఫెరాటు'లో మెట్ల పక్క గోడ మీద పాకిన పిశాచి నీడను చూసి ఎవరూ ఎగిరిపడరు. అయినా నూరేళ్లు దాటినా అది జనం కళ్లలోంచి పోలేదు.

రెండో_ఆట
'నోస్ఫెరాటు' చూశాను. పట్టపగలు ఒక పిశాచి తన పెట్టెను తానే మోసుకుంటూ వీధుల్లో తిరుగుతుంది. వేగం కూడా బొమ్మల సినిమాలాగా ఉంది. నాలుగు వేశాను.

చీకటిగది
మీరు చూసినది రంగు వేయని కాపీ. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మూకీల మార్కుల్లో సగం గొడవ ఇక్కడే పుడుతుంది.

1922లో ముర్నౌ దగ్గర ఉన్న ఫిల్ముతో నిజమైన రాత్రిని చిత్రీకరించడం కష్టం. అందుకని రాత్రి దృశ్యాలను పగలే తీసి, ప్రింటులో ఆ భాగానికి నీలిరంగు అద్దారు. నీలం అంటే రాత్రి, పసుపుపచ్చ అంటే దీపాలున్న గది, గులాబీరంగు అంటే తెల్లవారుజాము. అప్పటి ప్రేక్షకుడికి ఇది అలవాటైన భాషే. తర్వాత ఎవరెవరో ఆ రంగులు తీసేసి ఉత్త తెలుపు నలుపులో కాపీలు చేశారు. దాంతో ఎండ తగిలితే చచ్చిపోయే పిశాచి మిట్టమధ్యాహ్నం వీధుల్లో తిరుగుతున్నట్టు అయింది. కథే తలకిందులైపోయింది!

వేగం సంగతీ అంతే. మూకీలను సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల దాకా రకరకాల వేగాల్లో తీసేవారు. వాటిని టాకీల వేగంలో, అంటే 24 ఫ్రేముల్లో ఆడిస్తే మనుషులు గబగబా పరుగెడతారు. 'నోస్ఫెరాటు' గంట దాటీ దాటగానే అయిపోయే కాపీ ఒకటి ఉంది, గంటన్నర దాకా నడిచే పునరుద్ధరించిన కాపీ ఒకటి ఉంది. రెండూ ఒకే సినిమా కాదు. మీ నాలుగు మార్కులు ముర్నౌకు వేసినవి కావు, ఆ కాపీ చేసినవాడికి వేసినవి.

రెండో_ఆట
సరే, మంచి కాపీ దొరికితే చూస్తాను. కానీ పాత మార్కులు తీసేయను, పక్కన 'రంగు లేని కాపీ' అని రాస్తాను. ఆ కాపీకి నాలుగే న్యాయం.

కిర్రుతలుపు
నేను కోరుతున్నదీ అదే. మార్కుల పక్కన ఏ కాపీయో రాయండి. అంతకంటే అక్కరలేదు.

మూకీరాణి
అసలు ఆ సినిమా మిగలడమే పెద్ద విశేషం. బ్రామ్ స్టోకర్ నవల 'డ్రాకులా'ను అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయన భార్య ఫ్లోరెన్స్ దావా వేశారు. ప్రింట్లన్నీ నాశనం చేయాలని 1925లో కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికే దేశాలు దాటిపోయిన కొన్ని ప్రింట్ల పుణ్యాన బతికింది. రంగుల గురించి, వేగం గురించి మనం గొడవ పడుతున్నామంటే అది ముక్కలు ముక్కలుగా పోగు చేసుకున్న సినిమా కాబట్టే.

లెక్కలమాస్టారు
మార్కుల సగటు గురించి ఒక మాట. ఎక్కువమంది చూడని సినిమాకు ఓట్లు వేసేవారు ఎవరు? దాన్ని పనిగట్టుకుని వెతికి పట్టుకున్నవారు. అంటే చూడకముందే సగం ఇష్టపడి ఉన్నవారు. పేరున్న సినిమాకైతే దారిన పోయేవారూ ఓటు వేస్తారు, తోడుగా కూర్చుని విసుక్కున్నవారూ వేస్తారు. అందువల్ల 200 మంది వేసిన 7.4కూ, రెండు లక్షల మంది వేసిన 7.4కూ విలువ ఒకటి కాదు. మొదటిది అభిమానుల లెక్క. పైగా ఓట్లు తక్కువగా ఉన్నచోట ఓ పదిమంది ఒకటి చొప్పున వేసినా సగటు ఊగిపోతుంది. సగటును పక్కనబెట్టి మార్కులు ఎలా పరుచుకున్నాయో చూడండి. తొమ్మిదులూ రెండులూ ఎక్కువగా ఉండి మధ్యలో ఖాళీగా ఉంటే, ఆ సినిమాలో ఏదో ఉందని అర్థం. అందరూ ఐదూ ఆరూ వేసి ఉంటే నేను వదిలేస్తాను.

గబ్బిలం
అందరూ ఐదూ ఆరూ వేసిన సినిమాల్లోనే మా దారపు గబ్బిలాలు ఎక్కువగా ఉంటాయి మాస్టారూ. వదిలేయకండి.

కొత్తచూపు
నాలుగైదు కొత్త హారర్ సినిమాలు తప్ప పాతవేవీ చూడలేదు. ఈ చర్చ చదివాక చూడాలనిపిస్తోంది. నెత్తురు ఎక్కువగా ఉంటే చూడలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

కిర్రుతలుపు
వాల్ లూటన్ దగ్గర మొదలుపెట్టండి. ఈయన నిర్మాత. 1942లో ఆర్‌కేఓ సంస్థ ఆయనకు పని అప్పగించిన తీరు చిత్రంగా ఉంటుంది: పేరు వాళ్లే ఇస్తారు, ఖర్చు లక్షన్నర డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు. 'క్యాట్ పీపుల్' అన్న పేరు అలా చేతికొచ్చింది. రాక్షసిని చూపించడానికి డబ్బు లేదు, కాబట్టి చూపించలేదు. పెద్ద మేడ మెట్లు కావలసివస్తే అదే స్టూడియోలో వేరే సినిమా కోసం కట్టిన మెట్లనే వాడుకున్నారు.

అందులో ఒకమ్మాయి రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒంటరిగా నడుస్తుంది. సంగీతం లేదు. మడమల చప్పుడు మాత్రమే. దాని వెనక ఇంకో జత మడమల చప్పుడు. కాసేపటికి ఆ రెండో చప్పుడు ఆగిపోతుంది. ఆగిపోయినప్పుడే భయం మొదలవుతుంది, గమనించండి. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను. ఇప్పటికీ సినిమా తీసేవాళ్లు ఆ కిటుకుకు లూటన్ పేరే పెట్టి పిలుచుకుంటారు.

రెండో_ఆట
ఇది ఒప్పుకుంటాను. అయితే కొత్తచూపు గారికి నా సలహా 'క్యాట్ పీపుల్' కాదు, అదే లూటన్, అదే దర్శకుడు జాక్ టూర్నర్ 1943లో తీసిన 'ది లెపర్డ్ మ్యాన్'. కథ మొత్తం గొప్పగా ఉండదు, చివర్లో చప్పబడుతుంది. కానీ మొదట్లో ఒక తల్లి కూతుర్ని రాత్రివేళ పిండి తెమ్మని పంపిస్తుంది. భయమంటే వినకుండా బయటికి గెంటి తలుపు వేసేస్తుంది. ఆ పిల్ల తిరిగి వస్తున్నప్పుడు రైలు వంతెన కింద చీకటి, పైన రైలు. పరుగెత్తుకొచ్చి తలుపు బాదుతుంది. తల్లి మొదట పట్టించుకోదు. తీరా కేక విని తీయబోతే గడియ బిగుసుకుపోయి రాదు. మనం తల్లితోపాటు లోపలే ఉంటాం. తలుపు కింది సందు లోంచి నెత్తురు లోపలికి పారుతుంది. అంతే. దెబ్బ ఒక్కటి కూడా చూపించరు. నాకు వెన్నులో చలి పుట్టింది. తొమ్మిది వేశాను. ఇది 'ఆ కాలానికి' తొమ్మిది కాదు, ఈ రాత్రికి తొమ్మిది.

కిర్రుతలుపు
'ఈ రాత్రికి తొమ్మిది' అంటున్నారు చూశారా, ఆ మాటే కావాలి నాకు.

లెక్కలమాస్టారు
చివర్లో చప్పబడిందంటూనే తొమ్మిది వేశారు. అది ఆ ఒక్క సన్నివేశానికా, సినిమాకా?

రెండో_ఆట
సన్నివేశానికే. ఆ కాసేపటి కోసం మిగతాదంతా భరిస్తాను.

లెక్కలమాస్టారు
నేను భరించను. సినిమా అంటే మొత్తం కలిపి. ఒక్క సన్నివేశానికి తొమ్మిది వేస్తే, మొదటి నుంచి చివరి దాకా చెదరకుండా నడిచిన 'ది ఇన్నోసెంట్స్' లాంటి దానికి ఏమి వేస్తారు? పదికి పన్నెండా?

చీకటిగది
ఇక్కడ నేను రెండో_ఆట గారి పక్షం. మనం మాట్లాడుతున్నవి పెద్ద స్టూడియోలు తీరిగ్గా తీసినవి కావు. చాలావాటికి డబ్బు లేదు, సమయం లేదు, అనుభవమున్న నటులు లేరు. అలాంటిచోట ఒక్క సన్నివేశమైనా ఎవరూ తీయనట్టుగా తీశారంటే దాని బరువు వేరు.

ఉదాహరణకు 'కార్నివాల్ ఆఫ్ సోల్స్', 1962. దర్శకుడు హెర్క్ హార్వే పని పాఠశాలలకూ పరిశ్రమలకూ చిన్న చిన్న బోధనా చిత్రాలు తీయడం. అమెరికాలో ఒక ఉప్పుసరస్సు పక్కన పాడుబడ్డ సాల్టెయిర్ వినోదశాలను ప్రయాణంలో చూసి, అక్కడొక సినిమా తీయాలనుకున్నాడు. ఖర్చు దాదాపు 33 వేల డాలర్లు. ఆయన తీసిన కథాచిత్రం ఇదొక్కటే. సినిమాలో తెల్లటి ముఖంతో వెంటాడే మనిషి కూడా ఆయనే. పక్కవేషాల నటన చాలాచోట్ల కొయ్యలా ఉంటుంది, దాచాల్సిన పని లేదు.

కానీ కథానాయిక దుస్తుల దుకాణంలో బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికి వచ్చే ఘట్టం చూడండి. అమ్మేవారితో మాట్లాడుతుంది, వాళ్లకు వినిపించదు. ఎవరికీ కనిపించదు. సినిమాలోని శబ్దమంతా ఒక్కసారిగా పోతుంది. వీధిలోకి వస్తే వాహనాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. పార్కులో ఒక చెట్టును ముట్టుకున్నాక పక్షుల కూత తిరిగి వినిపిస్తుంది. శబ్దాన్ని తీసేయడానికి ఖర్చేమీ కాదు. ఆ ఆలోచన రావాలి.

మూకీరాణి
ఆ ఆర్గాన్ సంగీతం కూడా కలపండి. ఆమె వృత్తే చర్చిలో ఆర్గాన్ వాయించడం కాబట్టి సంగీతం కథలోంచి వస్తోందో, బయటి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

నీలివెలుగు
ఇంతసేపూ మీరంతా ఐరోపా, అమెరికా చుట్టూనే తిరుగుతున్నారు. జపాన్ వైపు రండి. మసాకి కొబయాషి 1964లో తీసిన 'క్వైదాన్' నాలుగు కథల సంపుటి, మూడు గంటలు. పెద్ద పెద్ద సెట్లు వేసి, ఆకాశాన్ని కూడా తెరల మీద రంగులతో గీయించాడు. మంచుకన్య కథలో ఆకాశంలో కళ్లు ఉంటాయి, చూస్తూ ఉంటాయి. గుడ్డి గాయకుడి కథలో అతణ్ని ప్రేతాల నుంచి కాపాడటానికి ఒళ్లంతా మంత్రాలు రాస్తారు, చెవుల మీద రాయడం మరచిపోతారు. ఇది చదివినప్పుడే మీ చేయి చెవి మీదికి వెళ్లిందంటే చూసినప్పుడు ఏమవుతుందో ఊహించండి.

కాపీ విషయం ఇక్కడా ఉంది. అమెరికాలో విడుదల చేసినప్పుడు మంచుకన్య కథను పూర్తిగా తీసేశారు. మూడు కథలే చూసినవారు మార్కులు వేయకుండా ఆగి, నాలుగోది వెతుక్కోండి.

రెండో_ఆట
మూడు గంటలా? హారర్‌కు మూడు గంటలు ఎక్కువ.

నీలివెలుగు
ఒక రాత్రికి ఒక కథ చూడండి. అసలు అలాగే బాగుంటుంది. సంగీతం తోరు తకెమిత్సు. మొదటి కథలో చెక్క చీలుతున్న చప్పుడును సంగీతంగా వాడాడు. తెర మీద ఏదో విరిగినప్పుడు చప్పుడు రాదు, మనం ఎదురుచూడనప్పుడు వస్తుంది. అది విన్నాక గదిలో కుర్చీ కదిలినా వెనక్కి తిరిగి చూస్తారు.

కిర్రుతలుపు
మన దగ్గరివి చెప్పండి నీలివెలుగు గారూ. మీ పేరు చూస్తే ఏదో ఒకటి మనసులో ఉన్నట్టుంది.

నీలివెలుగు
ఉంది! 'భార్గవీనిలయం', మలయాళం, 1964. ఎ.విన్సెంట్ దర్శకుడు, వైకం ముహమ్మద్ బషీర్ తన కథకు తానే స్క్రిప్టు రాశాడు. భార్గవిగా వేసింది మన విజయనిర్మల. దెయ్యం ఉందని అందరూ వదిలేసిన ఇంట్లో ఒక రచయిత అద్దెకు దిగుతాడు. అతడు చేసే మొదటి పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. కనిపించని ఆ అమ్మాయిని పేరు పెట్టి పలకరించి, తనను పరిచయం చేసుకుంటాడు. పారిపోడు, మంత్రగాణ్ని పిలవడు. ఆమె కథ రాయడం మొదలుపెడతాడు. భయం మెల్లగా జాలిగా మారుతుంది. రెండో_ఆట గారి లెక్కలో దీనికి సున్నా రావచ్చు. నా లెక్కలో పది.

దాని తర్వాత రాంగోపాల్ వర్మ 'రాత్రి', 1992. రేవతి. ఇక్కడ జాలి లేదు, ఉత్త బెదురే. కనిపించని దేనికో కెమెరానే కళ్లుగా చేశారు. దెయ్యం వేషం కన్నా ఆ కెమెరా నడకే ఎక్కువ భయపెడుతుంది.

రెండో_ఆట
'రాత్రి'కి ఎనిమిది వేశాను. 'భార్గవీనిలయం' చూడలేదు, కానీ జాలికి మార్కులు వేయను. జాలి కోసం వేరే సినిమాలు ఉన్నాయి.

మూకీరాణి
జాలి లేని హారర్‌ను పది నిమిషాల్లో మరచిపోతాం. 1931 'ఫ్రాంకెన్‌స్టయిన్' సంగతి తీసుకోండి. చెరువు ఒడ్డున ఒక పాప ఆ రాక్షసుడితో పూలు నీళ్లలోకి వేసే ఆట ఆడుతుంది. పూలు తేలుతుంటే అతడు నవ్వుతాడు. పూలు అయిపోతాయి. పాప కూడా పువ్వులాగే తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలో వేస్తాడు. మునిగిపోతుంది. బెదిరిపోతాడు. మొత్తం సినిమాకు గుండెకాయ అదే.

సెన్సార్ల పుణ్యమా అని ఆ చివరి ముక్కను చాలా దశాబ్దాలు కత్తిరించి ఆడించారు. అతడు పాప వైపు చేతులు చాపడంతో కట్. కాసేపటికి తండ్రి చనిపోయిన పాపను మోసుకుంటూ ఊళ్లోకి వస్తాడు. నడుమ ఏం జరిగిందో చూసేవారు అసలుకన్నా ఘోరంగా ఊహించుకున్నారు. తప్పించాలనుకున్న దానికన్నా పెద్ద తప్పు చేశారు కత్తెర పట్టినవాళ్లు. 1980లలో ఆ ముక్కను తిరిగి కలిపారు. కత్తిరించిన కాపీలో అతడు క్రూరుడు, పూర్తి కాపీలో అమాయకుడు. దేనికి మార్కులు?

చీకటిగది
'ఫ్రీక్స్' ఇంకా దారుణం. 1932లో టాడ్ బ్రౌనింగ్ తీసినదాంట్లోంచి దాదాపు అరగంట తీసేశారు. ఆ అరగంట ఇప్పుడు ఎక్కడా లేదు. బ్రిటన్‌లో ముప్పై ఏళ్లపాటు నిషేధం. మిగిలిన గంట పైచిలుకుకే మనం మార్కులు వేయగలం, వేయాలి. లేనిదాన్ని ఊహించి కలపకూడదు.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నాను. కొందరు పూర్తిగా పోయిన సినిమాలకు కూడా ఫొటోలు చూసి మార్కులు వేస్తున్నారు. అది అన్యాయం.

గబ్బిలం
'డ్రాకులా' స్పానిష్ కాపీ ఎవరైనా చూశారా? 1930లో పగలు బేలా లుగోసి డ్రాకులాగా ఇంగ్లిష్‌ది తీసి, రాత్రి అదే సెట్లలో వేరే నటులతో స్పానిష్‌ది తీశారు. రాత్రి పని చేసినవాళ్లది కాబట్టి నా ఓటు ఎటో చెప్పనక్కరలేదు.

చీకటిగది
హాస్యానికి అన్నా మాట నిజమే. స్పానిష్ దానిలో కెమెరా బాగా కదులుతుంది, నిడివి కూడా అరగంట ఎక్కువ, కథ నిలకడగా సాగుతుంది. కానీ లుగోసి లేడు. ఆ లోటును ఏ కెమెరా పూడుస్తుంది? నేను రెండిటికీ ఏడే వేశాను, కారణాలు మాత్రం వేరు.

కిర్రుతలుపు
అసలు గొడవ ఒకటి మిగిలి ఉంది. 'నైట్ ఆఫ్ ది డీమన్', 1957. మళ్లీ టూర్నరే. చూపించకుండా భయపెట్టడంలో అంత చేయి తిరిగినవాడు. కానీ నిర్మాత పట్టుబట్టి మొదటి పది నిమిషాల్లోనే ఆ భూతాన్ని నిండుగా తెర మీదికి తెప్పించాడు. మంత్రాక్షరాలు రాసిన కాగితం ముక్క ఎవరి దగ్గర ఉంటే వారికి చావు. ఆ కాగితం దానంతట అదే ఎగిరి పొయ్యిలోని మంట వైపు వెళ్తూ అడ్డుచువ్వల దగ్గర ఆగి కొట్టుకుంటూ ఉంటే, అక్కడ నాకు కలిగిన భయంలో పదోవంతు కూడా ఆ భూతం కలిగించలేదు. ఎనిమిదిన్నర రావలసిన సినిమాకు ఆ బొమ్మ వల్ల ఏడు వేశాను.

రెండో_ఆట
నేను అడ్డంగా కాదంటాను. భూతాన్ని ముందే చూపించడం వల్లే ఆ కాగితం భయపెడుతోంది. అది వస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. నాయకుడికి తెలియదు, పైగా అలాంటివేవీ లేవని వాదిస్తూ తిరుగుతుంటాడు. వాడిని చూసి మనం కంగారు పడతాం. చూపించకపోయి ఉంటే వాడితోపాటు మనమూ అనుమానిస్తూ కూర్చునేవాళ్లం.

నీలివెలుగు
భూతం పొగలోంచి దూరంగా వచ్చేటప్పుడు బాగుంది. ముఖం దగ్గరగా చూపించినప్పుడే చెడింది. ఆ దగ్గరి షాట్లు రెండు మూడు తీసేస్తే ఈ గొడవే ఉండదు.

కిర్రుతలుపు
రెండో_ఆట గారూ, మీ వాదన బలమైనదే. అయినా నా ఏడు మారదు. అనుమానం కూడా ఒక భయమే, ఈ కథకు అదే సరైనది.

చీకటిగది
అది చూసేవారికి: అమెరికాలో 'కర్స్ ఆఫ్ ది డీమన్' పేరుతో విడుదలైనది 12-13 నిమిషాలు తక్కువ. 95 నిమిషాల దాన్నే చూడండి.

లెక్కలమాస్టారు
చూపించకపోవడాన్ని గొప్ప చేసేవారికి 'వీయ్' చూపిస్తాను. 1967, సోవియట్ యూనియన్, గోగోల్ కథ. చనిపోయిన అమ్మాయి పక్కన చర్చిలో మూడు రాత్రులు ఒక యువకుడు ప్రార్థనలు చదవాలి. అతడు తన చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకుంటాడు. ఆమె లేస్తుంది, గీత దాటలేక గాల్లో తడుముకుంటుంది. తర్వాతి రాత్రి శవపేటికలో నిలబడి అతడి చుట్టూ ఎగురుతుంది. మూడో రాత్రి గోడల్లోంచి సమస్తమూ దిగుతాయి. దాచిపెట్టిందేమీ లేదు, అన్నీ చూపించారు. గంట పైచిలుకు సినిమా. నవ్విస్తూ నవ్విస్తూ ఆ గీత దగ్గరికి తీసుకొచ్చి వదిలేస్తుంది.

గబ్బిలం
ఎగిరే శవపేటికా! పది.

లెక్కలమాస్టారు
చూడకుండానే వేశారు గబ్బిలం గారూ. ఇందాక నేను చెప్పిన అభిమానుల లెక్క ఇదే.

రెండో_ఆట
ఇంకో సంగతి. ఎక్కువమందికి తెలియని సినిమాల్లో చాలావాటికి ఆ గతి పట్టడానికి కారణం అవి బాగా లేకపోవడమే. ఎవరికీ తెలియదు కాబట్టి ఆణిముత్యం అనే అలవాటు మానుకోవాలి. తవ్వి తీసినంత మాత్రాన మార్కులు కలపకండి. ఎన్ని తీసి చూసినా ఎక్కువ శాతం మట్టే.

మూకీరాణి
నిజం. కానీ మట్టి అని ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా. 1932లో జేమ్స్ వేల్ తీసిన 'ది ఓల్డ్ డార్క్ హౌస్' పోయిందనే అనుకున్నారు. 1968లో కర్టిస్ హారింగ్టన్ అనే దర్శకుడు పట్టు విడవకుండా వెతికించి స్టూడియో గోదాంలోంచి నెగటివ్ తీయించాడు. అందరూ 'పాతదేలే' అని ఊరుకుంటే ఆ వానరాత్రి, ఆ అన్నాచెల్లెళ్లు, మేడ మీద తాళం వేసిన ఆ గది ఇప్పుడు మనకు ఉండేవి కావు.

కొత్తచూపు
'ది లెపర్డ్ మ్యాన్' చూశాను. మంచి కాపీ, గంట దాటి కాసేపు. గదిలో దీపాలు ఆర్పి, ఫోను పక్క గదిలో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూశాను.

తలుపు దగ్గరి ఘట్టం ముందే చదివేశాను కాబట్టి ఏమీ అనిపించదనుకున్నాను. కానీ అది తెలియడం వల్ల మరీ బాధగా ఉంది. ఆ తల్లి గడియ వేస్తున్నప్పుడే 'వేయొద్దు' అనాలనిపించింది. నాకు ఇంకా నచ్చింది శ్మశానంలో తాళం పడి లోపల చిక్కుకుపోయిన అమ్మాయి భాగం. గోడ అవతల మనిషి గొంతు వినిపిస్తుంది, సాయం చేస్తానని వెళ్తాడు, కొమ్మ కిందికి వంగుతుంది. నేను రెండో_ఆట గారితో ఏకీభవించను, దానికే ఎక్కువ భయపడ్డాను. చివరి పావుగంట హడావిడిగా ముగించారు. ఏడున్నర.

తర్వాత మాస్టారు చెప్పిన 'ది ఇన్నోసెంట్స్' చూద్దామనుకుంటున్నాను. ఏ కాపీ చూడాలి?

రెండో_ఆట
కొమ్మ వంగడం! నిజమే, అది నేను చెప్పవలసింది. తొమ్మిదికి అదీ ఒక కారణం.

చీకటిగది
1961 నాటి 'ది ఇన్నోసెంట్స్' వెడల్పు తెర కోసం తీసినది. పక్కలు కత్తిరించి చతురస్రంగా చేసిన టీవీ కాపీ ఎక్కడైనా దొరికితే ముట్టుకోవద్దు. ఛాయాగ్రాహకుడు ఫ్రెడీ ఫ్రాన్సిస్ అంత వెడల్పు తనకు అక్కరలేదనుకుని, ఫిల్టర్ల అంచులకు రంగు పూసి తెర రెండు పక్కలనూ చీకటి చేశాడు. నాయిక డెబొరా కెర్ కొవ్వొత్తి పట్టుకుని నడుస్తుంటే మీ కళ్లు ఆ చీకటి అంచుల మీదికే పోతాయి. కత్తిరించిన కాపీలో ఆ అంచులే ఉండవు. తెర వెలుతురు మరీ పెంచకండి, నలుపు బూడిదరంగుగా మారిపోతుంది.

ఒకటి మాత్రం చెప్తాను. సరస్సు అవతల రెల్లులో నిలబడ్డ ఆకారం పట్టపగలే వస్తుంది. అది కాపీ తప్పు కాదు.

కొత్తచూపు
ఈ రాత్రికే చూస్తాను.

కిర్రుతలుపు
చూసి రాయండి. ఎన్ని మార్కులైనా వేయండి, ఆ రెల్లు దగ్గర మీకు ఏమనిపించిందో మాత్రం తప్పకుండా రాయండి.